గుర్రుమనే ముందు

అమలాపురం,
జూన్ 14.

అత్తయ్యకు దుర్గ నమస్కారాలు.

మస్కట్ సంగతి మీరు వాట్సాప్‌లో అడిగితే "అవును, వెళ్తున్నాను" అని ఒక్క ముక్క పంపి ఊరుకున్నాను. "మందుల చీటీ రాసినట్టు రాస్తావేం, మీ అమలాపురంలో కాగితం కలం దొరకవా" అని మీరు తిట్టాక ఇదిగో, కూర్చున్నాను. జ్వరమొచ్చి మీకు వినికిడి పోయిన దగ్గర్నుంచి మనిద్దరి కబుర్లూ కాగితం మీదే కదా. పెద్ద సంగతి వచ్చినప్పుడు ఫోనులో ముక్కలు పంపడం నాకూ బాగోలేదు.

అక్కడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఖాయమైంది. మోహన్ పనిచేసే చోటికి దగ్గరే. పెళ్ళయిన నాటి నుంచీ ఏడాదికి ఒక నెల కాపురం చేస్తున్నాం. ఇక చాలు అనుకున్నాం. నవంబరులో ప్రయాణం. ఇందులో వెనక్కి తగ్గేది లేదు.

ఇబ్బందల్లా పులసతోనే. మీరు దాన్ని ఫొటోల్లోనే చూశారు. వరద వచ్చిన ఏడాది మోహన్ సెలవు మీద వచ్చి, పులస చేప కోసం ముక్తేశ్వరం రేవుకి వెళ్ళి, చేప దొరక్క ఈ కుక్కపిల్లని తెచ్చాడు. ఎర్రనీళ్ళు మెట్లెక్కుతుంటే పడవ తాడు చుట్ట మీద కూర్చుని వణుకుతోందట. "పులస తెచ్చేనే" అన్నాడు గుమ్మంలోనే. ఆ పేరే ఉండిపోయింది. ఊరకుక్కే. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి కాళ్ళు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. రేబిస్ సూదులు ఏటా వేయిస్తున్నాను.

మాతో తీసుకుపోవడానికి లేదు. ఆసుపత్రి వాళ్ళిచ్చే క్వార్టర్లో జంతువుల్ని ఉంచనివ్వరు. దొంగచాటుగా ఉంచి, పట్టుబడ్డాక ఆ ఎండల్లో వీధిలో వదిలెయ్యడం నావల్ల కాదు. అందుకని ఇక్కడే దానికో ఇల్లు చూడాలి.

మా ఇంటి ఓనరుగారు "చేపల మార్కెట్ దగ్గర వదిలెయ్యండమ్మా, తిండికి లోటుండదు" అన్నారు. మీ మనవణ్ణయితే వదుల్తారాండీ అనబోయి ఊరుకున్నాను. అల్లవరం వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన కారేసుకుని వచ్చారు. మొదటి మాటే "కరుస్తదాండీ?" అన్నారు. ఎందుకండీ అంటే, "కరవాలండి. చెరువు గట్టు మీద గొలుసేసి కట్టేస్తాం. దొంగలు రాకూడదు కదండీ." పగలో అంటే, "పగలూ అంతేనండి." కాఫీ ఇచ్చి పంపేశాను.

మీకు మలికిపురం, రాజోలు వైపు అందరూ తెలుసు. మంచి ఇల్లుంటే చెప్పండి. గేటు ఉండాలి. రోజంతా కట్టెయ్యకూడదు. చిన్నపిల్లలు లేని ఇల్లయితే మంచిది, అదెందుకో వాళ్ళతో నేను మాట్లాడతాను. ముందు నేనొచ్చి చూస్తాను. కొన్నాళ్ళు ఉంచుకుని చూడాలి. పడకపోతే నాకే తిరిగివ్వాలి గాని ఇంకొకరి చేతిలో పెట్టకూడదు.

ఇంతలా షరతులు పెట్టేది కుక్కకా, పెళ్ళికూతురికా అని మోహన్ నవ్వుతున్నాడు. నవ్వనివ్వండి.

మీ
దుర్గ


గుడిమెళ్ళంక,
జూన్ 22.

చి. దుర్గకు అత్తయ్య ఆశీస్సులు.

మస్కట్ కబురుకి చాలా సంతోషమయింది. మోహన్‌ని ఇన్నాళ్ళూ నెలరోజుల అల్లుడిగానే చూశాం. ఇకనైనా ఇద్దరూ ఒక కప్పు కింద పోట్లాడుకోండి.

నీ ఉత్తరం చదివి శామ్యూల్‌కి ఇచ్చాను. మన కొట్లో కొబ్బరికాయ వలుస్తాడే, అతనికి. అతని పెదాలు నాకు బాగా అలవాటు. వక్క నమలనప్పుడు అతని మాట అచ్చులో ఉన్నట్టు తెలుస్తుంది. చదివి, మడిచి ఇస్తూ, "ఊరంతా అడగమన్నారు గానండి, మిమ్మల్ని అడగలేదేంటండీ?" అన్నాడు.

నేనూ అదే అడుగుతున్నాను.

మీ మావయ్య పోయాక ఈ కొట్టూ ఇల్లూ నేనే నడుపుతున్నాను. చుట్టూ కంచె ఉంది, గేటుంది, దొడ్డి నిండా నీడ ఉంది. చిన్నపిల్లలు లేరు. గొలుసు కొనే ఉద్దేశం లేదు. అటక మీద ఎండుతున్న కురిడీ కొబ్బరికాయల్లో ఎలకలు కాపురాలు పెట్టాయి, వాటి సంగతి నీ పులస చూసుకోవచ్చు. తిండికి ఏ లోటూ రాదు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదన్న లోటు దానికి ఉంటుందేమో గాని, నేను పైకే మాట్లాడుకుంటూ ఉంటాను, ఆ మాటలు నాకు వినపడవు గనక అది వినొచ్చు.

ఎప్పుడు తెస్తావో రాయి.

అత్తయ్య


అమలాపురం,
జూలై 3.

అత్తయ్యకు,

మీరు అలా రాస్తారని అనుకోలేదు. చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. కాని అత్తయ్యా, మీకెందుకు ఈ శ్రమ. కొట్టుకి లారీలు వస్తూ పోతూ ఉంటాయి, గేటు ఎవరో ఒకరు తీసి ఉంచుతారు. మీరు సరుకు పని మీద అంబాజీపేట వెళ్ళిన రోజు దీనికి తిండి ఎవరు పెడతారు? పైగా ఇది టౌనులో పెరిగింది, తోటల్లో పాములుంటాయి.

మరో మంచి సంబంధం వచ్చింది. కొత్తపేటలో కృపారావు గారని రిటైరైన మాస్టారు, ఆయన భార్య. ఇద్దరే. వెళ్ళి చూసి వచ్చాను. ఇల్లు అద్దంలా ఉంది. వాళ్ళ కుక్క ముసలిదై పోయిందట, దాని పళ్ళెం ఇంకా కడిగి బోర్లించి ఉంచారు. అది చూసి నాకు నమ్మకం కలిగింది. పులస గురించి అన్నీ చెప్పాను, ఏదీ దాచలేదు. రేపు ఆదివారం దింపి వస్తాను. నెల రోజులు చూద్దామన్నారు.

మీరు బెంగపెట్టుకోకండి. కోపం కూడా తెచ్చుకోకండి.

మీ
దుర్గ


గుడిమెళ్ళంక,
జూలై 9.

దుర్గకు,

లారీలు తోట బయట ఆగుతాయని నీకు తెలుసు. నేను అంబాజీపేట వెళ్ళడం మానేసి ఫోనులోనే సరుకు ఫొటోలు పంపుతున్నానని నీకు తెలుసు. పాములు అమలాపురంలోనూ ఉన్నాయి.

కొత్తపేట మాస్టారికి అన్నీ చెప్పానన్నావు. నాకేమీ చెప్పలేదు. ఆ కుక్క గురించి ఏదో ఉంది, అది నాకు చెప్పడానికి నీకు మొహమాటం అడ్డొస్తోంది. నా చెవుల సంగతేనని నా అనుమానం. అదే అయితే రాసెయ్యి. చెవిటిదాన్నని ఎవరైనా మొహం మీద అంటే నాకు వినపడదు, కాగితం మీద రాస్తే చదువుకుంటాను.

అత్తయ్య


అమలాపురం,
జూలై 27.

అత్తయ్యకు,

మీరు అన్నదే నిజం. ఇప్పుడు అంతా రాస్తాను.

ముందు కొత్తపేట కబురు. పులస తిరిగి వచ్చేసింది. మాస్టారి తప్పేమీ లేదు. వాళ్ళమ్మాయి పిల్లల్ని తీసుకుని ఉన్నట్టుండి వచ్చి, ఇక్కడే స్కూల్లో వేస్తానందట. పులస అన్నం తింటుంటే చిన్నవాడు పళ్ళెం పక్కన బంతి కోసం వంగాడు. ఇది గుర్రుమంది. నేను ముందే చెప్పి ఉన్నాను గనక మాస్టారు వాణ్ణి ఒక్క లాగు లాగారు. ఏమీ కాలేదు. ఆయనే బస్సులో కాకుండా ఆటో మాట్లాడుకుని తెచ్చి అప్పగించారు. "అమ్మా, మీరు చెప్పుండకపోతే ఆ గుర్రు మేం పట్టించుకునేవాళ్ళం కాదండి. కుర్రాడి మొహం పోయేది" అన్నారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు పాపం, దాన్ని దింపేసి వెళ్ళేటప్పుడు.

సంగతి ఇది. పులస అన్నం తింటున్నప్పుడు గాని నిద్రలో ఉన్నప్పుడు గాని ఎవరైనా మీదికి వస్తే గుర్రుమంటుంది. ఒకసారి అంటుంది, కాస్త ఆగి మళ్ళీ అంటుంది. అప్పటికీ వెనక్కి తగ్గకపోతే పన్ను దింపుతుంది. రేవులో పుట్టిన పిల్ల, నోటి దగ్గర కూడు కోసం ఎన్నింటితో కొట్టుకుందో. మా ఇంటికి వచ్చిన కొత్తలో డ్యూటీ దిగి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మోహన్‌తో మాట్లాడుతూ నిద్రపోతున్న దాని మీద చెయ్యి వేశాను. అది గుర్రుమనే ఉంటుంది. నాకు వినపడలేదు. మణికట్టు మీద మచ్చ ఏమిటని పోయిన పెళ్ళిలో మీరు అడిగితే స్టౌ తగిలిందన్నాను.

ఆ తరవాత ఎప్పుడూ అలా జరగలేదు. ఎందుకంటే నేను వింటాను. అది చెబుతుంది, నేను వెనక్కి తగ్గుతాను. మా మధ్య అదే ఒప్పందం. అది మంచి కుక్క అత్తయ్యా. చెప్పకుండా ఎన్నడూ కరవదు. కాని అది చెప్పేది మీకు వినపడదు.

మిమ్మల్ని తక్కువ చేసి కాదు. ఒక్కరే ఉంటారు. ఏదైనా జరిగితే దాన్ని కొట్టి తరిమేస్తారు ఊళ్ళోవాళ్ళు, మీరు ఆసుపత్రిలో ఉంటారు, నేను మస్కట్‌లో ఉంటాను. ఈ మూడూ నాకు కళ్ళ ముందు కనబడుతుంటే ఎలా ఇవ్వను?

దుర్గ


గుడిమెళ్ళంక,
ఆగస్టు 2.

చి. దుర్గకు,

ఇప్పుడు ఉత్తరంలా ఉంది. ఇదే జూన్‌లో రాసి ఉంటే కొత్తపేట మాస్టారికి ఆటో తిప్పలు తప్పేవి.

నీ భయం సరైనదే. నేను కాదనను. కాని ఒక్క సంగతి నువ్వు ఆలోచించలేదు. నీకు వినపడుతుంది గనక నువ్వు దాని గుర్రు కోసం చూస్తావు. నేను దేనికోసం చూస్తానో నీకు తెలియదు. గేటు దగ్గర మనిషి ఆగితే కొట్లో వలిచేవాళ్ళ మెడలు తిరుగుతాయి, అప్పుడు తెలుస్తుంది నాకు. లారీ వస్తే అరికాళ్ళకి తెలుస్తుంది. బేరానికి వచ్చినవాడు అబద్ధం చెప్పేముందు వాడి గడ్డం కింద ఏదో కదులుతుంది. పదేళ్ళ నుంచి నాకు పని ఇదే, మొహాలు చూడటం. కుక్కకీ మొహం ఉంటుంది కదా.

ఇంకొకటి. నిద్రలో చెయ్యి వేస్తే కరిచిందన్నావు. నాకు వినికిడి పోయిన కొత్తలో మీ మావయ్య వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఒకసారి గరిటె పెట్టి కొట్టాను. ఆయన నుదురు బొప్పి కట్టింది. మంచి మనిషి, ఆ రోజు నుంచి ఎదురుగా వచ్చి, ముందు నేల మీద కాలు తట్టి, అప్పుడు పిలిచేవారు. వెనక నుంచి రాకూడని మనిషిని నేను. అలాంటి కుక్కతో ఎలా మసలుకోవాలో నాకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

అయినా నా మాట మీద నమ్మి ఇవ్వొద్దు. దాన్ని తీసుకుని రా, నువ్వూ నాలుగు రోజులుండు. నీ కళ్ళతో చూడు. వద్దనిపిస్తే తీసుకుపో, నేను ఒక్క మాట అనను. నాకూ ఒక షరతుంది. ఈ మొహమాటం అమలాపురంలో వదిలి రా. కుక్క గురించి ఏది తెలిసినా మొహం మీదే చెప్పాలి.

వర్షాలకి రోడ్డు బాగోలేదు. పాశర్లపూడి మీదుగా పగలే రండి.

అత్తయ్య


అమలాపురం,
ఆగస్టు 29.

అత్తయ్యకు,

క్షేమంగా చేరాను. ఇల్లు బోసిగా ఉంది. తలుపు తీయగానే కాళ్ళకి అడ్డం పడేది లేక గుమ్మంలోనే నిలబడిపోయాను కాసేపు.

మోహన్ అడిగాడు, "ఏం చూసి నమ్మేవు?" అని. అతనికి చెప్పినదే మీకూ రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు మీ ఎదుట చెప్పలేదు.

రెండో రోజు పొద్దున్న మీరు వసారాలో దాని పళ్ళెం పెట్టి, దూరంగా పీట వేసుకు కూర్చున్నారు. నన్ను పక్కన కూర్చోమన్నారు. శామ్యూల్‌ని దొడ్డి వైపు నుంచి మెల్లగా నడిచి రమ్మన్నారు. నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఏమీ లేదు, పులస తింటోంది. మీరు చెయ్యి ఎత్తి, "ఆగు శామ్యూలూ" అన్నారు. అతను ఆగాడు. నేను మీ వైపు తిరిగి, అదింకా ఏమీ అనలేదు అత్తయ్యా అని చెప్పబోతున్నాను, అప్పుడు గుర్రుమంది.

మీకెలా తెలిసిందని అడిగితే చూపించారు. తినే నోరు ఆగిపోవడం, తల వంచే ఉన్నా ఒళ్ళు కర్రలా అయిపోవడం, కంటి తెల్లగుడ్డు ఓరగా బయటపడటం. ఆ తరవాతే గుర్రు. నాలుగేళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను ఇవేవీ చూడలేదు. నాకు చెవులున్నాయి గనక అవసరం పడలేదు. శామ్యూల్ నవ్వుతూ "ఆయ్, అమ్మగారు నేను పనెగ్గొడదామనుకునే ముందే కనిపెట్టేస్తారండి, కుక్కెంతండీ" అన్నాడు, మీరు చూడలేదేమో, నేను చెబుతున్నాను.

అందుకే ఉంచి వచ్చాను. ఇచ్చెయ్యలేదు, ఉంచాను. సెప్టెంబరు అంతా చూద్దాం. మీరు జ్వరం పడినా, ఊరెళ్ళినా దాన్ని చూసుకోవడానికి నాతో పనిచేసే సౌజన్య ఒప్పుకుంది. పులసకి ఆమె బాగా అలవాటు. ఆమె నంబరు మీ ఫోనులో వేశాను. అన్నం పళ్ళెం రోజూ ఒకే చోట పెట్టండి. పడుకునే గోనె మీ దారిలో వెయ్యకండి. వారానికోసారి రాయండి, మంచీ చెడ్డా రెండూ.

దుర్గ


గుడిమెళ్ళంక,
సెప్టెంబరు 20.

చి. దుర్గకు,

మంచి కబురు. మొదటి రోజుల్లో గేటు దగ్గరే పడుకుని అన్నం ముట్టలేదని రాశాను కదా, ఇప్పుడు పళ్ళెం ఖాళీ చేసి నా వంక చూస్తోంది ఇంకా ఏమైనా ఉందా అని. చేపలు శుభ్రం చేస్తుంటే ఎదురుగా కూర్చుంటోంది. ఎలకల మీద మాత్రం దానికి ఏ ఆసక్తీ లేదు. ఆ విషయంలో నన్ను మోసం చేశావు.

ఇంకా మంచి కబురు, గుర్రుమనడం మానేసింది. శామ్యూల్‌ని రోజూ అడుగుతున్నాను, నేను అన్నం పెట్టేటప్పుడు ఏమైనా అంటోందా అని. వారం నుంచి "లేదండి, చప్పుడే లేదండి" అంటున్నాడు. నీ చేతిలో పోనిది నా చేతిలో పోయింది చూశావా.

అత్తయ్య


అమలాపురం,
సెప్టెంబరు 25.

అత్తయ్యా,

ఇది మంచి కబురు కాదు. నేను భయపడుతున్నాను.

మీ ఉత్తరం పట్టుకుని మా పశువుల డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి కళ్ళజోడు తీసేశారు. "గుర్రుమనడం మానేసిందంటే కోపం పోయిందని కాదండి. చెప్పడం మానేసిందేమో అని చూసుకోవాలండి. గుర్రుమన్నప్పుడల్లా కొడితే అలా మానేస్తాయి. చెప్పినా ఎవరూ పట్టించుకోకపోయినా మానేస్తాయి. తరవాత తిన్నగా కరుస్తాయండి" అన్నారు.

మీ ఇంట్లో దాన్ని ఎవరైనా కొట్టారా? కొట్లోవాళ్ళు ఎవరైనా కర్ర చూపించారా? అడుగుతున్నందుకు కోపం తెచ్చుకోకండి, మొహమాటం వదిలి రమ్మన్నది మీరే. అది గుర్రుమంటే మీరు పట్టించుకోవడం లేదని, ఈవిడకి చెప్పి లాభం లేదని అనుకుందేమో అని నా అనుమానం.

శనివారం వచ్చి తీసుకొచ్చేస్తాను. కావలిస్తే మస్కట్ వాళ్ళకి రాసి ప్రయాణం వెనక్కి జరుపుకుంటాను. మోహన్‌తో చెప్పాను. "సరే, నీకు ఎలా తోస్తే అలాగే" అన్నాడు. అంతవరకు దయచేసి దాని పళ్ళెం దగ్గరికి వెళ్ళకండి.

దుర్గ


గుడిమెళ్ళంక,
సెప్టెంబరు 29.

దుర్గకు,

"ఆగు, ఉత్తరం వస్తోంది" అని వాట్సాప్‌లో పంపింది ఈ ఉత్తరం కోసమే. పూర్తిగా చదివి, ఆ తరవాత రావాలనిపిస్తే రా.

అడగవలసిన మాటే అడిగావు. కోపం రాలేదు. రాలేదంటే నమ్మవు గనక, కాస్త వచ్చింది, అన్నం తిన్నాక పోయింది. దాన్ని ఎవరూ కొట్టలేదు. ఈ తోటలో కర్ర కాయలు కొయ్యడానికే. అయినా డాక్టరు గారి మాట తేలిగ్గా తీసేసేది కాదు. సంతోషపడి రాశానే గాని, ఎందుకు మానేసిందో నేను ఆలోచించలేదు.

అందుకని నిన్న శామ్యూల్‌తో, "ఈ పూట అన్నం నువ్వు పెట్టి అక్కడే నిలబడు, నేను కనపడకుండా వంటింటి కిటికీలోంచి చూస్తాను" అన్నాను. పెట్టాడు. నిలబడ్డాడు. పులస ఒళ్ళు బిగించింది. నాకు కిటికీలోంచే తెలిసింది. శామ్యూల్ గోడదాకా వెనక్కి వచ్చేశాడు. వచ్చి చెప్పాడు కదా, "గుర్రుమందండి బాబూ, మోటారు ఇంజనులాగా. మానలేదండి ఏమీ."

మానలేదు. అతనితో మానలేదు. సాయంత్రం నేను పెట్టాను, అతన్ని దూరంగా కూర్చోబెట్టి చప్పుడు వినమన్నాను. పళ్ళెం పెట్టి, కావాలనే ఒక అడుగు ముందుకి వేశాను. దుర్గా, అది తినడం ఆపింది. తల ఎత్తింది. పళ్ళెం దాటి నాకు అడ్డంగా వచ్చి నిలబడి, నా మొహంలోకి చూసింది. సూటిగా. చెవులు వెనక్కి, నోరు మూసుకుని, కళ్ళు నా కళ్ళల్లో పెట్టి. నేను వెనక్కి తగ్గాను. తగ్గేవరకు చూసి, తిరిగి వెళ్ళి తినడం మొదలుపెట్టింది. శామ్యూల్‌ని అడిగాను. "చప్పుడు లేదండి. అదేంటండి, మీతో అలా మాటాడుతోంది?" అన్నాడు.

చెప్పడం మానలేదు అది. మొదట్లో నాతోనూ గుర్రుమనే ఉంటుంది. కాని నేను వెనక్కి తగ్గింది దాని గుర్రు విని కాదు, దాని మొహం చూసి. అది కనిపెట్టింది. ఈవిడకి గొంతుతో చెబితే లాభం లేదు, ఎదురుగా వెళ్ళి చూపించాలి అని నేర్చుకుంది. మనుషులకి ఈ పాటి తెలియడానికి నా విషయంలో ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ మీ బాబాయి వెనక నుంచి అరుస్తూనే ఉంటాడు.

రా. నువ్వే చూసుకో. డాక్టరు గారికి కూడా ఇది చదివి వినిపించు.

ప్రయాణం వెనక్కి జరుపుతానన్న మాట మాత్రం ఇంకోసారి రాయకు.

అత్తయ్య


అమలాపురం,
అక్టోబరు 16.

అత్తయ్యకు,

మీ ఇంట్లో ఉన్న రెండు రోజులూ కళ్ళారా చూశాక ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. డాక్టరు గారికి మీ ఉత్తరమూ వినిపించాను, నేను తీసిన వీడియో కూడా చూపించాను. రెండోసారి వెయ్యమన్నారు. చూసి, "సరేనండి, ఇది వాళ్ళిద్దరి మధ్య వ్యవహారం, మనం దూరకూడదు" అన్నారు. మలికిపురంలో సూదులు వేసే చోటు, వెయ్యాల్సిన నెల చెప్పారు, మీ ఫోనుకి పంపాను.

పులస సూదుల కార్డు మీద యజమాని అన్నచోట నా పేరు కొట్టించి మీ పేరు రాయించాను. రాయించి బయటికి వచ్చి, పశువుల ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తప్పు చేశానని కాదు. సరిగ్గా చేశానని తెలిసే ఏడుపొచ్చింది.

నవంబరు మొదటి వారంలో ఒకసారి వచ్చి చూసి వెళ్తాను. చెప్పకుండా వెళ్ళిపోవడం నాకు చేతకాదు.

దుర్గ


గుడిమెళ్ళంక,
నవంబరు 18.

చి. దుర్గకు,

చేరావని మోహన్ పంపిన ఫొటో చూశాను. ఇద్దరి మొహాలూ బాగున్నాయి. నువ్వు చిక్కావు, అక్కడ చేపలు దొరుకుతాయి కదా, తిను.

మంచీ చెడ్డా రెండూ రాయమన్నావు గనక రాస్తున్నాను. నీ ఆటో మలుపు తిరిగాక పులస గేటు దగ్గరే ఉండిపోయింది. నేను పిలవలేదు. పీట తెచ్చుకుని కాస్త ఎడంగా నేనూ కూర్చున్నాను. దాని వీపు నా వైపు ఉంది, మొహం కనపడలేదు. కొట్టు కట్టేసి వెళ్తున్న శామ్యూల్‌ని ఆపి అడిగాను, "ఏడుస్తోందా?" అని. అతను నాకు చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం చూశాడు. "ఏడుస్తోందండి" అన్నాడు. "ఎప్పట్నుంచి?" "అమ్మాయిగారు ఎక్కిన కాణ్ణించీనండి."

నాకు వినపడటం లేదని ఎప్పుడో బాధపడటం మానేశాను. ఆ సాయంత్రం మళ్ళీ పడ్డాను.

దీపాలు పెట్టే వేళకి లేచింది. నా ముందుకు వచ్చి నిలబడింది. ఇద్దరం లోపలికి వెళ్ళాం. ఆ పూట తినలేదు. మర్నాడు తింది. తరవాత రోజు నీ పాత చున్నీ మీద పడుకుంది. ఇప్పుడు బాగానే ఉంది, పొద్దున్నే శామ్యూల్ వచ్చేవేళకి నన్ను గేటు దాకా తీసుకెళ్తోంది. ఎవరూ నేర్పలేదు. ఎవరైనా వస్తే నా ముందుకు వచ్చి, గేటు వైపు చూసి, మళ్ళీ నా వైపు చూస్తుంది. మొన్న బేరానికి వచ్చినాయన "కుక్క ఎవరిదండీ, మంచి నిదానంగా ఉంది" అని అడిగాడు. నాదేనన్నాను. నోరు తిరగడానికి ఏ ఇబ్బందీ లేదు.

అత్తయ్య


మస్కట్,
జనవరి 7.

అత్తయ్యకు,

ఈ ఉత్తరం మీకు ఎన్నాళ్ళకి చేరుతుందో తెలియదు. మా వార్డులో మొన్న ఒక ఒమానీ ముసలావిడ చేరింది. ఆవిడకీ వినపడదు. వాళ్ళ భాష నాకు రాదు, నా మాట ఆవిడకి వినపడదు. మంచం వెనక నుంచి వెళ్ళి దుప్పటి సర్దబోతున్న అమ్మాయిని ఆపి, నేను చుట్టూ తిరిగి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. ఆవిడ చూసి, నవ్వి, చెయ్యి ముందుకు చాపింది. పనిలో చేరి ఇన్నాళ్ళకి ఈ ఊరు నాకు పరాయిది కాదనిపించింది.

మోహన్ వంట చేస్తున్నాడు. ఉప్పు విషయంలో రోజూ గొడవే. మీరు అన్నట్టే ఒక కప్పు కింద.

జూన్ నుంచి నవంబరు దాకా మీకు ఎన్ని రాశానో, అది చెయ్యండి ఇది చెయ్యకండి అని. ఈసారి చెప్పడానికి ఏమీ లేదు. అడగడానికి ఒకటే ఉంది. వచ్చే ఏడాది సెలవు మీద వస్తాం. పులసని చూడటానికి మేం మీ ఇంటికి రావచ్చా? వస్తే అది మళ్ళీ బెంగపడుతుందనుకుంటే రాము. మీరు ఎలా అంటే అలాగే.

మీ
దుర్గ


గుడిమెళ్ళంక,
జనవరి 30.

చి. దుర్గకు, మోహన్‌కు,

రండి. కానీ తిన్నగా లోపలికి వచ్చి దాన్ని వాటేసుకోవద్దు. గేటు బయట ఆగండి. అది ముందు మిమ్మల్ని చూస్తుంది, తరవాత వచ్చి నన్ను చూస్తుంది. నేనూ అదీ కలిసి వచ్చి గేటు తీస్తాం.

అత్తయ్య